చోటు సర్‌ప్రైజ్ కావచ్చు, ప్రశ్న కాకూడదు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసులో పరిచయమైన అమ్మాయి, నేను మూడేళ్లుగా ప్రేమించుకుంటున్నాం. మార్చిలో గులాబీరంగు పూలచెట్ల కింద ఉంగరం ఇచ్చి పెళ్లి మాట అడగాలని నా ప్లాన్. ఫొటోగ్రాఫర్ చాటుగా తీస్తాడు. పదిహేనుమంది ఫ్రెండ్స్ చెట్ల వెనక నుంచి వస్తారు. ఆమె మాత్రం 'నాన్నతో నేనే మాట్లాడాలి, కాస్త ఆగు' అంటోంది. ఇలా అడిగితే కాదనలేదని ఫ్రెండ్స్ అంటున్నారు. ఎలా ప్లాన్ చేయాలి?

జవాబు: ఆ 'కాదనలేదు' దగ్గరే నాకు గుచ్చుకుంది. పదిహేనుమంది చప్పట్లు కొడుతూ, కెమెరా మొహం మీదే ఉంటే ఎవరైనా తలూపేస్తారు. అలాంటి తలూపుడు మీకు దేనికి? పైగా కాస్త ఆగమని ఆమె చెప్పనే చెప్పింది. అది మీమీద అయిష్టమే కానక్కర్లేదు. కులమో, జాతకాలో, అక్క పెళ్లో, ఇంట్లో ఏదో లెక్క ఉండొచ్చు. అదేంటని కూర్చుని అడిగారా? అడిగినట్టు రాయలేదు మీరు. ముందు ఆ పని చూడండి. ఇద్దరే ఉన్నప్పుడు, 'నాన్నగారితో ఎప్పుడు మాట్లాడదామనుకుంటున్నావు, నేనేం చేయాలి' అని అడగండి. ఇంకా ఆగమంటే ఆగండి. పెళ్లికి సిద్ధమేనని ఆమె నోటివెంట వచ్చాక ఎక్కడ, ఎప్పుడు అన్నది దాచుకోండి, అది మీ ఇష్టం.

అప్పుడు కూడా తేదీ ముందే ఖాయం చేసుకోకండి. మీరు చెప్పే చెట్లు టబెబుయా అయ్యుంటాయి. ఆకులు రాల్చేసి ఫిబ్రవరి, మార్చిల్లో పూస్తాయి. చెట్టు నిండుగా ఉండేది కొద్దిరోజులే, ఒక్క గాలివాన వస్తే పూలన్నీ నేలమీదే. రెండు మూడు రోజుల ముందు వెళ్లి చూసుకోండి. తప్పిపోతే ఏప్రిల్, మేలో రేల, తురాయి ఉన్నాయి. మార్చి మధ్యలో మనకు ఆరున్నర ప్రాంతంలో తెల్లారుతుంది. ఎనిమిదిలోపు ముగించండి. ఎండ ఎక్కితే ఫొటోల్లో ఇద్దరూ కళ్లు చిట్లించుకునే ఉంటారు.

పార్కులో పెద్ద కెమెరాకు అనుమతి కావాలేమో గేటు దగ్గర ముందే కనుక్కోండి. వాకింగ్‌కు ఆడవాళ్లు వచ్చే చోట పొదచాటు నుంచి లెన్స్ పెట్టి కూర్చుంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, నగరంలో 2014 నుంచి ఉన్నాయి, మీ ఫొటోగ్రాఫర్ ఉంగరం సంగతి వాళ్లకు చెప్పుకోవాల్సి వస్తుంది! దూరంగా బెంచీ మీద మామూలుగా కూర్చోమనండి.

పదిహేనుమంది వద్దు. ఆమెకు దగ్గరి స్నేహితురాలు ఒకరు చాలు, ఉంగరం సైజు కూడా ఆమే చెబుతుంది. ఫొటోలు ముందు మీరు ప్రేమించిన అమ్మాయికే పంపండి. వాళ్ల నాన్నగారికి ఆమె చెప్పేదాకా ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనూ ఒక్కటి కూడా కనపడకూడదు. కూతురి పెళ్లి కబురు ఆయనకు ఏ బాబాయి ఫోన్‌లోనో తెలిస్తే, తర్వాత తాంబూలాల మాట ఎత్తడం మీకే కష్టమవుతుంది.