మా వీధి అడ్డదారి అయిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: మా వీధి పొడవు సుమారు 400 మీటర్లు. మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికి పొద్దునా సాయంత్రం బళ్లన్నీ మా వీధిలో దూరుతున్నాయి. ఒక చివర గేటు పెట్టి తాళం వేద్దామని కొందరంటున్నారు. మనమూ చుట్టు తిరగాలి కదా అని మిగతావాళ్లు ఒప్పుకోవడం లేదు. మీ సలహా ఏమిటి?

జవాబు: ముందు లెక్క తీయండి. ‘అన్నీ బయటి బళ్లే’ అని అందరూ గట్టిగా నమ్మే వీధిలో, తీరా చూస్తే ఆ వీధివాళ్లవే ఎక్కువని తేలడం ఉంటుంది. రద్దీ వేళ ఒక గంటపాటు రెండు చివర్లా మనుషులు నిలబడి ప్రతి బండి నంబరులో చివరి 3 అంకెలు, వచ్చిన నిమిషం రాసుకోవాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో 400 మీటర్లు దాటడానికి 72 సెకన్లు చాలు. అంటే ఈ చివర కనిపించి 3 నిమిషాల్లోపు ఆ చివర తేలిన నంబరు దారినపోయే బండిదే. పది నిమిషాలకు తేలితే ఎవరినో దింపడానికో, సామాను ఇవ్వడానికో వచ్చిందని అర్థం. రెండు చివర్ల గడియారాలూ ముందే కలుపుకోండి, నిమిషం తేడా ఉన్నా లెక్క చెడుతుంది. ప్రతి చివరా ఇద్దరుండాలి, ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తే వరసగా వచ్చే బళ్లలో సగం జారిపోతాయి.

దారినపోయేవే ఎక్కువని తేలితే అడ్డు పెట్టాల్సిందే. కానీ గేటు వద్దు. గేటు వేస్తే కార్లతో పాటు నడిచేవాళ్లూ, సైకిళ్లూ, చక్రాల కుర్చీలూ ఆగిపోతాయి. అర్ధరాత్రి అంబులెన్స్ వస్తే తాళంచెవి ఎవరింట్లో ఉందో వెతుక్కోవాలి. గేటుకు బదులు రోడ్డుకు అడ్డంగా గుంజలు పాతించండి. గుంజకూ గుంజకూ మధ్య 1.2 మీటర్ల ఖాళీ ఉంటే కార్లు, ఆటోలు మళ్లిపోతాయి, మిగతావాళ్లు హాయిగా వెళ్తారు. మధ్య గుంజలు ఊడదీసే రకంవి పెట్టించి, తీసినప్పుడు 3.7 మీటర్ల దారి వచ్చేలా చూడాలి. ఫైరింజన్‌కు ఆ మాత్రం కావాలి. తాళంచెవులు అగ్నిమాపక కేంద్రానికీ, అంబులెన్స్ వాళ్లకూ ముందే అందాలి. రోడ్డు అందరిదీ కాబట్టి పురపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసుల అనుమతి లేకుండా ఒక్క గుంజ కూడా పాతకండి.

అడ్డు వీధి నడుమ పెడితే చెత్త బండి తిరగడానికి చోటుండదు, వెనక్కి నడుపుకుంటూ పోవాలి. అది పిల్లలకు చాలా ప్రమాదం. నాలుగు వీధులు కలిసే కూడలి ఉంటే గుంజలను మూల నుంచి మూలకు ఏటవాలుగా పాతించండి. అప్పుడు ఏ వీధీ మూసుకుపోదు, ప్రతి బండీ పక్కకు తిరగక తప్పదు, అడ్డదారి మాత్రం పోతుంది. మాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇదే.

మోటారు సైకిళ్లను ఇది ఆపదు. చక్రాల కుర్చీ పట్టే సందులో అవీ పడతాయి. వాటి వేగం తగ్గించడానికి వేరే ఏర్పాటు కావాలి, దాని గురించి కింది జవాబు చూడండి.

ముందుగా బరువైన తొట్లతో 3 నెలలైనా చేసి చూడండి. మొదటి రెండు వారాలు గందరగోళంగానే ఉంటుంది, అది చూసి తీసేయవద్దు. పక్క వీధుల్లో కూడా ముందూ తర్వాతా లెక్క తీయండి. మీ బాధ వాళ్ల గుమ్మంలోకి నెట్టేస్తే సమస్య తీరినట్టు కాదు.

ప్రశ్న: మా వీధివాళ్లమే కలిసి సిమెంటుతో స్పీడ్ బ్రేకర్ వేసుకున్నాం. కార్ల అడుగు తగులుతోంది, వాన నీళ్లు నిలుస్తున్నాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ అయి ఉంటుంది. జానెడు వెడల్పు గట్టు మీద నెమ్మదిగా వెళ్లేవాడికే నడుము విరుగుతుంది. వేగంగా వెళ్లేవాడి కుదుపు చాలావరకు బండి స్ప్రింగులే మింగేస్తాయి. 1970ల్లో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాల రూపొందించిన గుండ్రటి హంప్ కొలతలు చూడండి: బండి వెళ్లే దిశలో 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు. నెమ్మదిగా వెళ్తే దాదాపు తెలియదు, వేగం పెరిగేకొద్దీ ఊపేస్తుంది. నివాస వీధికి ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు కూడా చాలు. ఒక్కటి వేసి వదిలేస్తే అది దాటగానే మళ్లీ పరిగెత్తిస్తారు, అందుకని 60 నుంచి 100 మీటర్లకు ఒకటి ఉండాలి. అంచుల్లో కాలువ వైపు వాలు తీసి నీటికి దారి వదలండి. ఆ సందు మరీ వెడల్పైతే ద్విచక్ర వాహనాలన్నీ అందులోంచే పోతాయి. రాత్రి మెరిసే చారలు తప్పనిసరి.

ప్రశ్న: 50 వేగం, 30 వేగం మధ్య అంత తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. బంతి వెంట పిల్లాడు రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడుతుంది. 30 వేగంలో ఆ సెకనుకు 8 మీటర్లు, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 5 మీటర్లు, మొత్తం 13 మీటర్లకు బండి ఆగుతుంది. 50 వేగంలో ఆ సెకనులోనే 14 మీటర్లు పోతాయి. మొదటి బండి ఆగిపోయిన చోట రెండోది ఇంకా బ్రేకే అందుకోలేదన్నమాట.

ప్రశ్న: ఫుట్‌పాత్ తీసేసి రోడ్డంతా ఒకే ఎత్తులో చేస్తే పిల్లలు ఆడుకోవచ్చంటున్నారు. నిజమేనా?

జవాబు: నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో మొదలైన పద్ధతి ఇది. 1976లో అక్కడ చట్టంలోకి ఎక్కింది. బళ్లు నడక వేగంతో, మనుషుల మధ్య నుంచి వెళ్లాలి. కానీ గంటకు 100 బళ్లు దాటే వీధిలో జనం రోడ్డు వదిలి అంచులకు జరిగిపోతారు. కాబట్టి అడ్డదారి మూయకుండా దీన్ని మొదలుపెట్టకండి. చూపులేనివారు ఫుట్‌పాత్ అంచును చేతికర్రతో తట్టుకుంటూ నడుస్తారు. దాన్ని తీసేస్తే ఇళ్ల వెంట గరుకు పలకల వరస ఒకటి పరిపించి, దాని మీద బళ్లు నిలపకుండా చూడండి.