అందరి దగ్గరా మింగుతున్నాను, బాబు మీద కక్కేస్తున్నాను

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి అర్థమవ్వడానికి క్లుప్తంగా చెప్తాను. మీకు 33 ఏళ్ళు, ప్రైవేట్ స్కూల్లో టీచర్, ఇంట్లో అత్తగారు, ఆయన, ఏడేళ్ళ బాబు. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు మాట పడ్డా, అత్తగారు కూరలో ఉప్పుతో మొదలుపెట్టి మీ పుట్టింటిదాకా వెళ్ళినా మీరు తిరిగి ఒక్క మాట అనరు, చుట్టాలంతా నెమ్మదస్తురాలు అంటారు. కానీ సాయంత్రం బాబు హోంవర్క్ దగ్గర పూనకం వచ్చినట్టు అయిపోతున్నారు, మొన్న ఏడో ఎక్కం తప్పు చెప్పాడని అట్లకాడతో కొడితే చెయ్యి మీద తట్టు తేలింది, వాడు నిద్రపోయాక ఆ చేతికి కొబ్బరినూనె రాస్తూ ఏడ్చారు. "నేను సైకోనా మేడమ్?" అని అడిగారు.

కాదమ్మా. కానీ కొట్టడం మాత్రం ఇవాళ్టితో ఆగాలి, ఆ విషయంలో నేను మీకు సర్దిచెప్పలేను.

మీరు కోపం ఎక్కువైంది, తగ్గించే మార్గం చెప్పమన్నారు. నాకైతే మీ ఉత్తరంలో కోపం కంటే మింగడమే ఎక్కువ కనిపించింది. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1993లో ఒక స్టడీ చేశారు, చూడ్డానికి ఇబ్బందిగా ఉండే వీడియోలు చూపించి కొంతమందిని మొహంలో ఏమీ కనపడనివ్వొద్దు అన్నారు. వాళ్ళు మొహం బానే దాచుకున్నారు గానీ లోపల ఫీలింగ్ ఏమీ తగ్గలేదు, పైగా మామూలుగా చూసినవాళ్ళకంటే వీళ్ళకి చెమట ఎక్కువ పట్టింది. 2003లో వచ్చిన ఇంకో స్టడీ నన్ను ఇంకా ఆలోచింపజేసింది, ఇద్దరిద్దరు ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడుకోమని, ఒకరికి మాత్రం చాటుగా నీ ఫీలింగ్ బయటపడనివ్వకు అని చెప్తే, ఏమీ తెలియని ఆ ఎదుటి మనిషికి కూడా బీపీ పెరిగింది. మీ బాబు మీ ఎదురుగా పుస్తకం పట్టుకుని కూర్చున్నప్పుడు, మీరు ఇంకా నోరు తెరవకముందే వాడు ఎందుకు తడబడుతున్నాడో ఒకసారి ఆలోచించండి.

అత్త మీద కోపం దుత్త మీద అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మీ ఇంట్లో తిరిగి ఏమీ అనలేనివాడు వాడొక్కడే.

అలాగని దిండుని గుద్దేసి, గట్టిగా అరిచేసి బయటకి పంపించెయ్యండి అని ఎవరైనా చెప్తే వినకండి, బ్రాడ్ బుష్‌మన్ అనే సైకాలజిస్ట్ 2002లో ఇదే పరీక్షించాడు, కోపం తెప్పించినవాళ్ళని తల్చుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దినవాళ్ళకి కోపం ఇంకా పెరిగింది, రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నవాళ్ళే నయం.

మరి ఏం చెయ్యాలి అంటే, ముందు దాని పేరు పట్టుకోండి. ఫోటోల్లో మొహాలు చూసి ఇది కోపం, ఇది భయం అని పేరు పెట్టినప్పుడు మెదడులో అలారం మోగించే అమిగ్డలా అనే భాగం కాస్త నెమ్మదించిందని మాథ్యూ లీబర్‌మన్ టీమ్ 2007లో స్కాన్ చేసి చూసింది. మీరు అన్నిటికీ కోపం అని ఒకటే పేరు రాశారు, కానీ స్టాఫ్ రూమ్‌లో మీకు జరిగింది అవమానం, అత్తగారి దగ్గర కలిగేది ఉక్రోషం, ఏమీ అనలేక లోపల రగిలేది కదా అది, సాయంత్రం ఆరింటికి ఉండేది ఒట్టి అలసట, ఆకలి. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని మళ్ళీ రాత్రి తొమ్మిదిన్నరకి తింటున్నానని మీరే రాశారు! స్కూల్ నుంచి రాగానే ఏదో ఒకటి తినండి, పది నిమిషాలు తలుపేసుకుని ఆ రోజు జరిగింది కాగితం మీద మీకొచ్చిన భాషలో రాసి చింపెయ్యండి, ఆ తర్వాతే హోంవర్క్. దవడ బిగుసుకుంటోంది అనిపించిన క్షణమే "అమ్మకి చిరాగ్గా ఉంది నాన్నా, నీ తప్పు కాదు, ఇప్పుడే వస్తా" అని లేచి పెరట్లోకి వెళ్ళండి, ఊపిరి మెల్లగా, వదిలేటప్పుడు ఎక్కువసేపు వదలండి. ఎక్కం రేపు కూడా నేర్చుకోవచ్చు.

మీ ఆయనతో "మీ అమ్మ ఇలా" అని మొదలుపెడితే ఆయన "కాస్త ఓర్చుకో" దగ్గరే ఆగిపోతారు, అది మీకు ఇప్పటికే అనుభవం. దానికి బదులు, "మంగళ, గురువారాలు హోంవర్క్ మీరు చూడండి, నేను వాణ్ణి కొడుతున్నాను, నాకు భయంగా ఉంది" అని ఉన్నదున్నట్టు అడగండి.

నిద్ర పట్టట్లేదు, దేని మీదా ఆసక్తి లేదు అని కూడా రాశారు, రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి, డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక ఇలా చిరాకుగా కూడా వస్తుంది, థైరాయిడ్ టెస్ట్ కూడా చేయించండి. 14416 టెలీమానస్, మానసిక ఇబ్బందుల కోసం 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ, అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మళ్ళీ చెయ్యెత్తాలనిపించినా, చచ్చిపోవాలనిపించినా వెంటనే ఆ నంబర్‌కి ఫోన్ చెయ్యండి.

ఇక బాబు. వాడు నిద్రపోయాక కాదమ్మా, మెలకువగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని సారీ చెప్పండి. "కొట్టడం నా తప్పు, నీకు ఎక్కాలు రాకపోవడం వల్ల కాదు" అంటే చాలు, దాని వెనకాల "కానీ నువ్వు కూడా" అని తగిలించకండి. వాడు ఏమీ అనకపోవచ్చు, లేచి ఆడుకోడానికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వండి.