కిడ్నీ జబ్బు నాలుగో స్టేజ్‌లో ఉన్న నాన్న ఫిస్టులా వద్దంటున్నారా? మా బాపు విషయంలో ఏం జరిగిందో చెప్తాను

మీ ప్రశ్న మొత్తం చదివాను. భూపాలపల్లి దగ్గర ఊరు, నాన్నకి 61 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్, క్రియాటినిన్ (రక్తంలో మిగిలిపోయే వ్యర్థం, పెరిగితే కిడ్నీ దెబ్బతింటున్నట్టు) 3.9, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే అంకె, తగ్గితే చెడ్డ) 17. డాక్టర్ ముందే ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో చేసే చిన్న ఆపరేషన్) వేయించుకోమంటే "చెయ్యి కోయించుకుంటే ట్రాక్టర్ ఎట్ల తోలాలె" అని ఆయన మొండికేశారు. ఈలోగా ఎవరో "హోలిస్టిక్ పద్ధతిలో కిడ్నీ నయం" అనే వీడియో పంపారు. అది నమ్మొచ్చా, మందులు కాక ఇంకేం చూసుకోవాలి అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. పరకాల దగ్గర పల్లెలో ఉండే మా బాపుకి ఇదే జబ్బు. నేను హన్మకొండలో ఉంటూ నాలుగేళ్లుగా ఆయన ఫైల్ మోస్తున్నాను. అంతే నా అర్హత.

ముందు ఆ వీడియో సంగతి. మేమూ పడ్డాం ఆ గుంటలో. నెలకి 4,500 చొప్పున రెండు నెలలు పొడి పొట్లాలు తెచ్చాం. "ఇంగ్లిష్ మందులు పక్కన పెట్టండి" అంటే బీపీ మాత్ర కూడా ఆపేశాం. రెండు నెలల్లో 3.6 ఉన్న క్రియాటినిన్ 4.4 అయింది. పొడి చేసిందో, బీపీ పెరిగి చేసిందో నేను చెప్పలేను. కానీ కొన్ని మూలికలు, లోహ భస్మాలు కిడ్నీలనే తింటాయని తర్వాత మా డాక్టర్ చెప్పారు. ఈ స్టేజ్‌లో పోయిన కిడ్నీ తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవడమే. ఎవరైనా సరే వేసుకుంటున్న మాత్రలు ఆపమన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నాకు కోపం ఎందుకంటే, ఆ "హోలిస్టిక్" అనే మాట మంచిదే. రిపోర్టుని కాకుండా మనిషి మొత్తాన్ని చూడమనే దానర్థం. దాన్ని పొడి డబ్బా మీద అచ్చేసి పాడు చేశారు.

మనిషిని చూడటం అంటే ఏమిటో నాకు ఒక దువ్వెన వల్ల తెలిసింది. మొదట చూపించిన ఆసుపత్రిలో డాక్టర్ ఎప్పుడూ నాతోనే మాట్లాడేవారు. బాపు పక్కన కుర్చీలో గోడ గడియారం చూస్తూ కూర్చునేవారు. రెండో చోట డాక్టర్ కుర్చీ ఆయన వైపు తిప్పుకుని, "పెద్దాయనా, రిపోర్టులు పక్కన పెడదాం, మీకేది ఇబ్బందిగా ఉంది?" అని అడిగారు. బాపు కాసేపు ఆగి, "రాత్రి దురద సారూ, నిద్ర పడ్తలేదు" అన్నారు. చొక్కా ఎత్తి చూపిస్తే వీపంతా గీతలు. నిద్ర లేచి చెక్క దువ్వెనతో గోక్కుంటున్నారట, మేం లేస్తామని చీకట్లోనే. ఏడు నెలలుగా! ఇంట్లో ఒక్కరికి తెలియదు. క్రియాటినిన్ పాయింట్లు మాత్రం నాకు నోటికొచ్చు.

డాక్టర్ మాత్రలన్నీ బల్ల మీద పోయించారు. ఫాస్ఫరస్ తగ్గడానికి ఇచ్చిన మాత్రని బాపు పడుకునే ముందు మిగతావాటితో కలిపి మింగుతున్నారు. అది అన్నంతో పాటు వేసుకోవాలి, తిన్నదాంట్లో ఉన్న ఫాస్ఫరస్‌ని కడుపులోనే పట్టుకోవడం దాని పని. ఖాళీ కడుపున వేసుకుంటే వేసుకోనట్టే. టైము మార్చి, ఒంటికి కొబ్బరి నూనె రాయమన్నారు. నెలన్నరకి దురద పూర్తిగా పోలేదు గానీ నిద్ర పట్టింది. నిద్ర పట్టాక మనిషి మాట వినడం మొదలైంది. ఈ వరస గమనించండి.

అదే రోజు ఇంకో సంగతి బయటపడింది. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఏళ్ల తరబడి సూదులు వేయించుకున్నారు, చేతిలో చిల్లర ఉంటే డైక్లోఫెనాక్ మాత్రలూ మింగారు. షుగర్‌తో పాటు ఇవీ కిడ్నీని కొట్టాయి. మీ నాన్న ట్రాక్టర్ తోలుతారు కాబట్టి నడుం నొప్పికి ఏం వేసుకుంటున్నారో కోప్పడకుండా అడగండి. కోప్పడితే చెప్పరు.

షుగర్ ఉంది కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఒక దశలో బాపుకి షుగర్ తగ్గుతూ వచ్చింది. మేం సంబరపడ్డాం, అమ్మ కొమురవెల్లి మల్లన్నకి మొక్కు కూడా మొక్కింది. ఒక తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు, గ్లూకోమీటర్‌లో 52. కిడ్నీలు మందగించాక ఇన్సులిన్ ఒంట్లోంచి తొందరగా పోదు, పాత డోసే ఎక్కువైపోతుంది. మీ నాన్నకి ఉన్నట్టుండి షుగర్ "బాగైపోతే" సంతోషపడకుండా డోసు చూపించండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇంకా రాసి ఉందేమో కూడా అడగండి. ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తగ్గితే మామూలుగా దాన్ని ఆపేస్తారు.

తిండి విషయంలో నేను చేసిన తప్పు పెద్దది. మొదటి ఆసుపత్రి డైట్ షీట్ ఇంగ్లిష్‌లో ఉంది: ఓట్స్, బ్రెడ్, యాపిల్. దాన్ని ఫ్రిజ్‌కి అంటించి పోలీసులా కాపలా కాశాను. మూడు నెలల్లో బాపు ఆరు కిలోలు తగ్గారు. ఒకరోజు అమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే లోపల మామిడికాయ తొక్కు సీసా దొరికింది. నేను అరిచాను. ఆయన "ఉప్పు లేని బువ్వ గొంతుల దిగుతలేదు బిడ్డా" అని పళ్లెం పక్కకి జరిపారు.

తర్వాత ఒక డైటీషియన్ మా వంటనే పట్టుకుని సర్దింది. రోజుకి బాపు వాటా ఉప్పు ఒక టీస్పూన్‌కి తక్కువగా పొద్దున్నే చిన్న డబ్బాలో వేసి ఆయనకే ఇచ్చేయమంది. కూరలో వేసుకుంటారో, పచ్చి పులుసులో వేసుకుంటారో ఆయనిష్టం. అయిపోతే అయిపోయినట్టే. డబ్బా తన చేతికొచ్చాక దొంగతనం ఆగిపోయింది! పచ్చి పులుసు మాన్పించలేదు, చింతపండు సగానికి తగ్గించి ఉల్లిపాయ ఎక్కువ వేసి, తాగడానికి కాకుండా అన్నం తడవడానికి మాత్రమే అంది. రక్తంలో పొటాషియం ఎక్కువగా, 5.6 ఉందని కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తాలింపు పెట్టమంది. మీ నాన్నకి పొటాషియం మామూలుగా ఉంటే ఇదంతా అక్కర్లేకపోవచ్చు, రిపోర్టు చూపించి అడగండి. నీళ్లు కూడా అంతే. కిడ్నీ జబ్బు అనగానే కొందరు నీళ్లు కట్టేస్తారు, కొందరు బిందెలు తాగిస్తారు. డాక్టర్ చెప్పకుండా రెండూ వద్దు.

రెండు జాగ్రత్తలు మాత్రం అందరికీ చెప్తాను. బీపీకి మంచిదని అమ్మే "తక్కువ సోడియం" ఉప్పులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. దాన్ని ఇంట్లోకి రానివ్వకండి. ఇక పరామర్శకి వచ్చేవాళ్ల చేతిలో కొబ్బరి బోండాలు, అరటిపళ్లు, బత్తాయిలు. మా ఇంటికి ఒకే ఆదివారం పదకొండు బోండాలు వచ్చాయి. పొటాషియం ఎక్కువున్నవాళ్లకి అవి ప్రమాదం, గుండె లయ తప్పుతుంది. వద్దంటే చుట్టాలకి కోపం. అమ్మ వాటిని తీసుకుని, వచ్చినవాళ్లకే కొట్టి ఇచ్చేది.

ఇప్పుడు ఫిస్టులా. మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. మాకు ఎనిమిది నెలల ముందే చెప్పారు. వేయించుకుంటే డయాలసిస్‌ని పిలిచినట్టేనని మేం వాయిదా వేశాం. 2023 జనవరిలో ఒక రాత్రి బాపు పడుకోలేకపోయారు, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు. మంచం అంచున కూర్చుని కిటికీ ఊచలు పట్టుకున్నారు. ఊపిరితిత్తుల్లో నీరు. అర్ధరాత్రి కారులో వరంగల్ తీసుకొచ్చాం, మెడలో గొట్టం వేసి డయాలసిస్ చేశారు. రెండో వారంలో ఆ గొట్టానికి ఇన్‌ఫెక్షన్ వచ్చి, మిషన్ మీద ఉండగానే చలిజ్వరం. తొమ్మిది రోజులు ఆసుపత్రి.

ఫిస్టులా అంటే చేతిలో ధమనిని, సిరని కలిపే చిన్న ఆపరేషన్. సిర లావెక్కి సూదులకి పనికిరావడానికి నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది. అందుకే ముందుగా వేస్తారు. వేసినంత మాత్రాన రేపే డయాలసిస్ మొదలవ్వదు, అవసరం వచ్చేదాకా అది చేతిలో ఊరికే ఉంటుంది. మామూలుగా తక్కువ వాడే చేతికే వేస్తారు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు. నిజానికి ఈ జాగ్రత్త మీ నాన్న ఎడమ చేతికి ఈరోజు నుంచే మొదలుపెట్టండి. బాపు ఫిస్టులా మీద వేలు పెడితే తుమ్మెద పట్టుకున్నట్టు జుమ్ముమంటుంది. ఆ జుమ్ము ఆగిందంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మా పిల్లాడు రోజూ పడుకునే ముందు తాత చేతికి చెవి ఆనించి "నడుస్తంది" అని చెప్పి పడుకుంటాడు.

మీ నాన్న భయం డయాలసిస్ గురించా, ట్రాక్టర్ గురించా, ఖర్చు గురించా? విడివిడిగా అడగండి. ట్రాక్టర్ అయితే సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్న: ఏ చెయ్యి, ఎన్ని రోజులకి స్టీరింగ్ పట్టుకోవచ్చు, ఎంత బరువు ఎత్తొచ్చు. ఖర్చు అయితే ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి ఒక్కటే కాదు, ఇప్పుడు జిల్లాల్లోనూ ప్రభుత్వ సెంటర్లు పెట్టారు, మీకు దగ్గరలో ఏదో కనుక్కోండి. డయాలసిస్ మొదలైనవాళ్లకి ప్రభుత్వ పెన్షన్ ఉంది, మండలాఫీసులో అడగండి. హెపటైటిస్ బి టీకాలు కూడా ఇప్పుడే అడగండి, కోర్సు పూర్తి కావడానికి నెలలు పడుతుంది.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద కుదరదనుకుంటే, ఇంట్లోనే కడుపులోకి ద్రవం ఎక్కించి తీసే పద్ధతి ఉంది. చేతులు, గది శుభ్రంగా ఉంచుకోగలిగితే పొలం పనులున్నవాళ్లకి అదే నయం కావచ్చు. ఇంట్లో కిడ్నీ ఇచ్చేవాళ్లుంటే కిడ్నీ మార్పిడి గురించి ఇప్పుడే అడగొచ్చు, డయాలసిస్ మొదలయ్యేదాకా ఆగనక్కర్లేదు. లేదంటే చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకి ఇచ్చే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోవడం గురించి. మా పెద్దమ్మ 82 ఏళ్ల వయసులో "నాకు మిషన్ వద్దు" అంది. డాక్టర్ ఆమెని వదిలేయలేదు, ఆయాసానికి, దురదకి, వాపుకి మందులిస్తూ చివరిదాకా చూశారు. అదీ వైద్యమే. మీ నాన్న వయసుకి నేను ఆ మాట అనను, కానీ ఎంచుకునేది ఆయనేనని ఆయనకి తెలియాలి.

మా బాపుకి ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. బస్సులో ఆడవాళ్లకి ఉచితం కాబట్టి అమ్మకి జీరో టికెట్, ఆయనకి మామూలు టికెట్, "మీ అమ్మే పేషెంటైతే మిగిలేది" అంటారు. మొదలైన కొత్తలో మేం పాత భయంతో పప్పు, గుడ్డు ఇవ్వలేదు. డయాలసిస్ ముందు ప్రోటీన్ తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. ఈ తేడా మాకెవరూ గట్టిగా చెప్పలేదు. ఇప్పుడు రోజూ రెండు గుడ్లు, తెల్లసొన మాత్రమే. పొద్దున చాయ్ హోటల్‌కి వెళ్తారు, అర గ్లాసు. అది ఆ రోజు నీళ్ల లెక్కలోకే వస్తుంది. చాయ్ కావాలా చల్ల కావాలా అంటే చాయే ఎంచుకున్నారు.

2024 మేడారం జాతరకి వెళ్తానని పట్టుపట్టారు. నేను వద్దన్నాను, డాక్టర్ సరేనన్నారు. జాతర రద్దీ మొదలవ్వకముందే, శనివారం డయాలసిస్ అయ్యాక ఆదివారం తీసుకెళ్లాం. నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం ఇచ్చే మొక్కు ఉంది. డయాలసిస్‌లో అదనపు నీరు తీశాక ఉండే బరువుని డ్రై వెయిట్ అంటారు. తూకం దగ్గర బాపు నావైపు తిరిగి, "బిడ్డా, డ్రై వెయిట్ పెట్టాల్నా, నీళ్ల బరువు కలిపి పెట్టాల్నా?" అన్నారు. 54 కిలోల బెల్లం. ప్రసాదంగా గోరంత ముక్క నాలుక మీద పెట్టుకున్నారు. ఏడాది తర్వాత ఆయన నవ్వగా చూశాను.

అమ్మ గురించి ఒక మాట. సెంటర్‌లో ఒక సిస్టర్ సరదాగా అమ్మకి బీపీ చూస్తే 170 ఉంది. మీ అమ్మగారికీ ఒకసారి చూపించండి.

చివరికి బాపు ఫిస్టులాకి ఒప్పుకున్నది నా మాటకి కాదు, డాక్టర్ మాటకీ కాదు. పక్క బెడ్‌లో ఒక ఆటో డ్రైవర్ ఉండేవాడు, ఆరేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నా పొద్దున పూట ఆటో నడుపుతూనే ఉన్నాడు. అతను చెయ్యి ముందుకి చాపి "పట్టి చూడు కాకా" అన్నాడు. మీ నాన్నని ఒక పొద్దున ఏదైనా డయాలసిస్ సెంటర్‌కి తీసుకెళ్లి బయట బల్ల మీద కూర్చోబెట్టండి. ట్రాక్టర్ సంగతి ఆయన్నే అడగనివ్వండి. అక్కడ ఎవరో ఒకరు చొక్కా చెయ్యి పైకి లాగి చూపిస్తారు.