మొదటి ఓవర్‌హాలింగ్ చేతికొచ్చిన అమ్మాయికి

అమ్మాయ్,

ఈసారి మీ థర్మల్ ప్లాంటులో యూనిట్ ఓవర్‌హాలింగ్, అదే, ఆపి విప్పి బాగుచేసే పని, నీకప్పజెప్పారని అన్నయ్య చెప్పాడు. ఛాతీ పొంగింది, నిద్ర మాత్రం పట్టలేదు.

యూనిట్ ఆపకముందే స్పేర్లు స్టోర్‌లో ఉండాలి. "లారీ బయల్దేరింది" అన్న స్పేరు లేనట్టే లెక్క. టర్బైన్ చల్లబడేదాకా, ఎవరు తొందరపెట్టినా రోటర్‌ని నెమ్మదిగా తిప్పే బారింగ్ గేర్ ఆపనివ్వకు. రోటర్ వంగిందంటే నీ షెడ్యూలు గల్లంతే. జనరేటర్‌లో హైడ్రోజన్‌ని కార్బన్ డయాక్సైడ్‌తో పూర్తిగా వెళ్లగొట్టాకే గాలి పంపాలి. తెలుసు కదా అని చెక్‌లిస్టు మడిచిపెట్టకు.

నా భయమంతా ఎల్‌సీల దగ్గరే, అదే, కరెంటు తీసేశాం పని చేసుకోండని ఇచ్చే లైన్ క్లియర్ కాగితాల దగ్గరే. మా రోజుల్లో ఒకసారి బాయిలర్ పొగని లాగే ఐడీ ఫ్యాన్ దగ్గర రెండు గ్యాంగులు పనిచేస్తున్నాయి. ఎల్‌సీ ఒక్కటే, అదీ మెకానికల్ వాళ్ల పేర. డక్టులో బూడిద తీసేవాళ్లు "ఎలాగూ ఐసొలేషన్ ఉంది కదా" అని దాని మీదే లోపలికి దిగారు. కప్లింగ్ పని ముగిసింది, మెకానికల్ వాళ్లు ఎల్‌సీ వాపసు ఇచ్చేశారు. రాత్రి షిఫ్టులో ఫ్యాన్‌కి కరెంటిచ్చే బ్రేకర్‌ని మళ్లీ లోపలికి నెట్టి, ర్యాక్‌ఇన్ చేసి, ట్రయల్‌కి సిద్ధమయ్యారు. మ్యాన్‌హోల్ పక్కన రెయిలింగ్ మీద ఎవరిదో చొక్కా వేలాడుతుంటే చూసి ఒక హెల్పర్ కేక పెట్టాడు. లోపల ఇద్దరున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు మెమో ఆపరేటర్‌కి! నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అతని ముందున్న కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒకే ఎల్‌సీ మీద రెండు పనులు నడిపించినవాళ్లని ఎవరూ అడగలేదు.

గ్యాంగుకో ఎల్‌సీ తీయించు. ఎవరి తాళం వాళ్లదే, చెవి వాళ్ల జేబులోనే. మ్యాన్‌హోల్ దగ్గర పేర్లు రాసే మనిషి, ఇంకొకరొచ్చాకే కదలాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే ఎవర్నీ దించకు. నైట్రోజన్‌కి వాసనుండదు, ఊపిరాడనట్టూ అనిపించదు. మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు, తీద్దామని దిగినవాడూ అంతే. లోపల లైట్లు 24 వోల్టులవే.

చివరి రోజుల్లో "లైటప్ ఎప్పుడు, బాయిలర్ వెలిగించేదెప్పుడు?" అని గంటగంటకూ ఫోన్లొస్తాయి. అవి నువ్వే ఎత్తు, కిందివాళ్లదాకా పోనివ్వకు. ఆలస్యమైతే తిడతారు, తిట్టించుకో. చిన్నప్పట్నించీ నువ్వు మాట పడలేవు, నాకు తెలుసు. ఈ ఒక్కసారికి పడు తల్లీ.

రాత్రంతా మేలుకుని పొద్దున్నే ఎల్‌సీల మీద సంతకాలు పెట్టావని తెలిస్తే మాత్రం ఊరుకోను. ఎవరికైనా అప్పజెప్పి పడుకో. నువ్వు లేకపోతే పని ఆగిపోతుందనుకోవడం పొగరు.

లైటప్ రోజు నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు, నీకు తీరదు. యూనిట్ గ్రిడ్‌తో కలిసి సింక్రనైజ్ అయ్యాక మీ పిన్నికి ఒక మెసేజ్ పెట్టు. నా ఫోన్‌లో ఛార్జింగ్ ఎప్పుడూ ఉండదు.

బాబాయ్