యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా నాడు ఏం చేస్తారు, ఏం తింటారు?

రోష్ హషానా యూదుల తిష్రీ నెలలో మొదటి రెండు రోజులు. సెప్టెంబరులోనో అక్టోబరు మొదట్లోనో వస్తుంది, ముందురోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. ఇది సంబరం ఒక్కటే కాదు. దేవుడు ప్రతి మనిషి నడవడినీ విచారించే తీర్పు దినమని వాళ్ల నమ్మకం, అందుకే ప్రార్థనలు గంటల తరబడి సాగుతాయి.

నన్ను బాగా కదిలించేది షోఫార్, అంటే పొట్టేలు కొమ్ము బూర. ఒక దీర్ఘనాదం, మూడు విరుపులు, ఆపై వెక్కి వెక్కి ఏడ్చినట్టు చిన్న చిన్న నాదాలు. చాలాచోట్ల రోజుకు 100 నాదాలు ఊదుతారు. శనివారం సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం కాబట్టి సంప్రదాయ సినగాగుల్లో (యూదుల ప్రార్థనా మందిరాల్లో) ఆ రోజు ఊదరు. 2026లో మొదటి రోజు (సెప్టెంబరు 12) శనివారమే, కనుక అక్కడ ఆదివారమే వినిపిస్తుంది.

భోజనానికి ముందు ఆపిల్ ముక్క తేనెలో ముంచుకుని, తీయని సంవత్సరాన్ని ప్రసాదించమని వేడుకుంటారు. మామూలుగా జడలా అల్లే ఖల్లా రొట్టెను ఈ పండక్కి గుండ్రంగా చేస్తారు. దానిమ్మ ఉంటుంది, కొన్ని ఇళ్లలో చేప తల కూడా. రెండో రాత్రి ఆ ఏడాది ఇంకా రుచి చూడని పండు తింటారు.

తష్లిఖ్ అనే ఆచారంలో ఏటి ఒడ్డుకో సముద్ర తీరానికో వెళ్లి, పాపాలను సముద్రపు లోతుల్లో పడవేస్తావన్న మీకా ప్రవక్త వాక్యాలు చదువుతారు. తిష్రీ పదో రోజున ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ఉపవాసం.