సిటౌట్ మీద కప్పు వేయిస్తున్న అమ్మడికి

అమ్మడూ,

నువ్వు ఇంటి సిటౌట్ మీద కప్పు వేయిస్తున్నావన్న సంగతి మీ పిన్ని ఫోన్లో చూస్తే తెలిసింది నాకు. ఫ్యామిలీ గ్రూపులో కొటేషన్ పెట్టి ఎలా ఉందని అడిగావు, అందరూ బొటనవేళ్ళు చూపించేశారు. ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో ఇనుముతో కుస్తీ పట్టిన బాబాయ్ ఒకడున్నాడని గుర్తు రాలేదా? సరేలే, కోపం నిన్ననే అయిపోయింది. సాగర్ నగర్‌లో సొంత ఇల్లు, సముద్రం వైపు కూర్చుని కాఫీ అంటే మాటలా? మీ నాన్న వాకింగ్‌లో ఎదురుపడ్డ ప్రతివాడికీ ఇదే చెప్తున్నాడట.

ఆ కొటేషన్ మూడుసార్లు చదివాను. షీటు రంగు గురించి నాలుగు లైన్లున్నాయి. స్తంభాలు దేనికి బిగిస్తారో మాత్రం ఒక్క ముక్క లేదు. నిన్న రాత్రి నిద్ర పట్టకపోవడానికి అదే కారణం.

మిగతావి తేలిక. రేకు వేస్తే వేసవిలో కింద కూర్చోలేవు, వానొస్తే చప్పుడుకి మాట వినపడదు, అందుకే పాలీకార్బనేట్, అదే గట్టి ప్లాస్టిక్ షీటు, అనుకోవడం మంచిదే. ఎండ తట్టుకునే పూత ఉన్న వైపు పైకి ఉండాలి, ఏ వైపో దాని మీది ఫిల్మ్‌పైనే రాసి ఉంటుంది, తిరగేస్తే కొన్నేళ్ళకే పసుపెక్కి పెళుసవుతుంది. ఎండకి షీటు సాగుతుంది కాబట్టి స్క్రూ కన్నా కన్నం కొంచెం పెద్దదిగా వేయమను. పది అడుగులకి అడుగు వాలు పెట్టించు. ప్లాన్‌లో లేని కప్పు కదా, మన విశాఖ కార్పొరేషన్, జీవీఎంసీ ప్లానింగ్ వాళ్ళని ముందే ఒక మాట అడిగేయండి.

ఇప్పుడు పెదవాల్తేరు ఇంటి సంగతి చెప్తాను. నీకు సగమే తెలుసు.

మీ నాయనమ్మకి మేడ మీద కూర్చుని, పోర్టులోకి వెళ్ళడానికి సముద్రంలో వరుసలో ఆగిన ఓడల్ని లెక్కపెట్టడం సరదా. "ఒరే, ఇవాళ ఏడున్నాయిరా" అని నేను డ్యూటీ నుంచి రాగానే చెప్పేది, నేనేదో వాటికి యజమానినన్నట్టు. ఎండకి తట్టుకోలేకపోతోందని 2009లో షెడ్డు వేయించాను. పని చేయడానికొచ్చిన కుర్రాడు "స్లాబుకి చిల్లు పడితే ఇల్లు కారుతుంది సార్, పైన పొరలోనే బిగించేద్దాం" అన్నాడు. స్లాబు మీద సున్నం, ఇటుక ముక్కల పొర నాలుగంగుళాలు ఉంది, దాని మీద పెంకులు. మూడంగుళాల బోల్టులు అందులోనే ఆగిపోయాయి. నాకు తెలుసమ్మా. రోజూ నా చేత్తో వందల బోల్టులు బిగించినవాణ్ణి, అది ఏదీ పట్టుకోదని నాకు తెలుసు. కానీ కారుతుందన్న మాటకి భయపడ్డాను, ఎండాకాలం ముంచుకొస్తోందని తొందరపడ్డాను, అడిగితే ఖర్చు పెరుగుతుందేమోనని కూడా ఊరుకున్నాను. దాని మీద నేను చేసిన ఘనకార్యం ఇంకోటి: వాన జల్లు కొడుతోందని తర్వాతేడు మూడు వైపులా రేకులు కొట్టించాను.

అయిదేళ్ళు రాయిలా నిలబడింది. చూశావా అన్నట్టు ఆ కుర్రాడికి ఇద్దరు ముగ్గురిని సిఫార్సు కూడా చేశాను.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను. అమ్మని ముందు రాత్రే కిందకి దింపేశాం. పొద్దుటి గాలికి షెడ్డు ఊగింది కానీ ఊడలేదు. మధ్యాహ్నం ఒక్కసారిగా అంతా ఆగిపోయింది, తుపాను కన్ను, అదే గాలి ఆగిపోయే నడిమి భాగం, నెత్తిమీదుందని మాకేం తెలుసు, అయిపోయిందనుకుని పక్కింటాయన పెరట్లోకి వచ్చి విరిగిన కొమ్మలు ఏరుతున్నాడు. నేను కిటికీలోంచి పలకరించాను కూడా. ఆయన లోపలికెళ్ళాక గాలి ఎదురు దిక్కు నుంచి తిరగబడింది. పైన పెద్ద చప్పుడు, ఆ వెంటనే మేడంతా తేలికైనట్టు ఏదో నిశ్శబ్దం. మా షెడ్డు రేకులతో, స్తంభాలతో సహా లేచి ఆయన పెరట్లో, బట్టలుతికే రాయి మీద పడింది. ఆయన కొమ్మలు ఏరిన చోటు అది.

మర్నాడు వెళ్ళి చూస్తే స్తంభాల అడుగునుండే బేస్ ప్లేట్లకి బోల్టులన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు, వంగలేదు. ఒక్కోదాని కొసన నిమ్మకాయంత సున్నపు ముద్ద, పీకిన పన్నుకి చిగురు అంటుకొచ్చినట్టు. పక్కింటాయన ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బావుండేది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను, అదేదో ముందే చెయ్యాల్సింది. గాలి భారానికి మన దేశంలో వాడే ఐఎస్ 875 అనే ప్రమాణం మూడో భాగంలో విశాఖకి ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకి సుమారు 150 కిలోల ఒత్తిడి. నీ సిటౌట్ 15కి 12 అడుగులు, దాదాపు 17 చదరపు మీటర్లు. మొత్తం రెండున్నర టన్నులు, అదీ పైకి లాగేది! ఇంటి గోడకి ఆనించి వేసిన కప్పు కిందకి దూరిన గాలి గోడకి కొట్టుకుని పైకే తంతుంది. నీ షీట్లు, పైపులు కలిపినా మూడొందల కిలోలు తూగవు. ఎంతసేపూ కప్పు కూలిపోతుందేమోనని చూస్తాం మనం, దాని బుద్ధి ఎగిరిపోవడం.

అందుకని స్తంభాలు కాలమ్ మీదో బీమ్ మీదో రావాలి, టైల్స్, పైపొర తొలిచి కాంక్రీటు కనపడ్డాకే ప్లేటు కూర్చోవాలి. కెమికల్ యాంకర్లు, అంటే కన్నంలో జిగురు మందు పోసి కూర్చోబెట్టే బోల్టులు, వాడమను, కన్నంలో దుమ్ము పూర్తిగా ఊది తీశాకే మందు పొయ్యాలి, దుమ్ముంటే పట్టదు. పిట్టగోడకి మాత్రం ఏదీ బిగించనివ్వకు, అది ఒట్టి ఇటుక. కారుతుందని భయపెడితే ప్లేటు చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేసి ఇమ్మను, దానికి మందులున్నాయి. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి ఒకసారి చూపించు, ఆ ఫీజు నేనిస్తాను, వాదించకు. సైడ్లకి వెదురు తెరలు కడతానన్నావు కదా, అవీ నా రేకుల్లాగే గాలిని లోపల పట్టేస్తాయి, తుపాను కబురు రాగానే చుట్టేసేలాగైతేనే కట్టు.

సాగర్ నగర్‌లో ఉప్పుగాలి గురించి నీకు చెప్పాలా, గేటు గడియ చూస్తున్నావుగా. జీఐ పైపు, అంటే జింక్ పూత ఉన్న ఇనుప పైపు, వెల్డింగ్ చేసిన చోట జింక్ కాలిపోతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. వెల్డు గీకి జింక్ ప్రైమర్ వేశాకే రంగు. స్క్రూలు స్టెయిన్‌లెస్, 316 రకం, ధర చూసి అల్లుడుగారు 304 చాలంటారు, చాలదు.

అక్టోబర్, నవంబర్‌లలో మాత్రం పని పెట్టుకోవద్దు. సగం బిగించిన కప్పంత ప్రమాదం ఇంకోటి లేదు. ప్లేట్లు కూర్చోబెట్టే రోజు ముందుగా చెప్పు, నేను పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను. నిచ్చెన ఎక్కనులే, కింద కుర్చీ వేసుకుని చూస్తాను. టీలో పంచదార వెయ్యొద్దని మీ పిన్ని ఫోన్ చేస్తుంది, ఊఁ అని పెట్టేయ్.

బాబాయ్