డిగ్రీ అక్కర్లేదు, ఓపిక కావాలి

మీరు రెండు సంగతులు అడిగారు: పురావస్తు శాస్త్రం చదవనివారిని తవ్వకాలకు రానిస్తారా, బానిసత్వం నుంచి బయటపడినవారు కట్టుకున్న ఊళ్లో అసలు ఏం దొరుకుతుంది అని. రానిస్తారు. నేను లెక్కలు రాసుకునే ఉద్యోగిని. 2005 వేసవిలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉండగా, ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ ఫిలడెల్ఫియాలో దొరికిన పాత్రల పెంకులు కడగడానికి వెళ్లాను. రెండు రోజులు పొలంలో జల్లెడ కూడా పట్టాను.

ఆ ఊరు వేసినవాడు ఫ్రీ ఫ్రాంక్ మెక్‌వర్టర్. కెంటకీలో బానిసగా ఉంటూనే, అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1812లో మొదలైన యుద్ధకాలంలో తుపాకిమందుకు కావలసిన సురేకారం తయారుచేసి డబ్బు కూడబెట్టాడు. 1817లో 800 డాలర్లు పెట్టి ముందు భార్య లూసీని విడిపించాడు, తనను కాదు. ఆమె అప్పుడు కడుపుతో ఉంది. తల్లి బానిసైతే పుట్టే బిడ్డా బానిసే. తన విడుదలకు మరో రెండేళ్లు ఆగాడు. 1836లో ఇల్లినాయ్‌లో 42 ఎకరాలను 144 ప్లాట్లుగా వేసి ప్రభుత్వ రికార్డుల్లో నమోదు చేయించాడు. ప్లాట్లు అమ్మి మేడలు కట్టినవారిని చూశాను గాని, ఆ డబ్బుతో కన్నబిడ్డలను బానిసత్వం నుంచి కొని విడిపించుకున్నవాడి కథ వినడం అదే మొదటిసారి. తనతో కలిపి మొత్తం 16 మంది కుటుంబ సభ్యులకు విముక్తి దొరికింది. 1869లో రైలు మార్గం ఊరిని తప్పించి పోయింది. ఆ తర్వాత ఊరు క్రమంగా పొలమైపోయింది.

పొలమంటే నాకు మా ఊరి పాటిదిబ్బ గుర్తొచ్చింది. అక్కడి మన్నును బండ్లతో చేలకు తోలేవారు. పెంకులు కాళ్లకు గుచ్చుకునేవి, ఎవరూ పట్టించుకునేవారు కారు. న్యూ ఫిలడెల్ఫియాలో మాత్రం దున్నిన చేలో వరుసగా నడుస్తూ, పెంకు కనిపించిన ప్రతిచోటా చిన్న జెండా గుచ్చారట. ఆ నడకలోనే 7,000కు పైగా వస్తువులు దొరికాయి. తవ్వకం ఆ తర్వాత మొదలైంది.

సంకెళ్లు దొరుకుతాయేమోనని మీరు అనుకుంటే నిరాశ తప్పదు. నా చేతికి వచ్చినవి పళ్లేల ముక్కలు, గుండీలు, మేకులు, పంది ఎముకలు. ఆ ఊళ్లో నల్లవారూ తెల్లవారూ ఉండేవారు; నల్లవారి ఇంటివేవో, తెల్లవారి ఇంటివేవో పెంకు చూసి చెప్పగలనని మొదట్లో ధీమాగా ఉండేవాణ్ని. చెప్పలేకపోయాను. రెండు ఇళ్లవారూ దాదాపు ఒకే రకం పళ్లేలు కొన్నారు. ఎవరి ఇల్లో తేల్చేది దస్తావేజులు, జనాభా లెక్కలు, ఆ ఊరివారి వంశీకుల జ్ఞాపకాలు. వంశీకుల మాట లేకుండా ఇలాంటి చోట తవ్వడం నాకు సబబుగా తోచదు. ‘అందరూ కలిసి బతికిన ఊరు’ అనే మాట వినడానికి తీయగా ఉంటుంది. కానీ మిసిసిపీ నది దాటితే మిస్సోరీ రాష్ట్రంలోని హానిబల్ పట్టణం, ఊరు వేసిన రోజుల్లో అక్కడ బానిసత్వం చట్టబద్ధం. అది మరిచి ఆ మాట అనకూడదు.

ఒక తప్పు ఒప్పుకుంటాను. ఒకరోజు రెండు సంచుల పెంకులను ఒకే పళ్లెంలో ఆరబెట్టాను. ఏది ఏ గుంటలోదో మళ్లీ తేలలేదు. ఎవరూ కోప్పడలేదు గాని, చోటు తెలియని పెంకులు ఎందుకూ కొరగాకుండా పోయాయి. అందుకే వెళ్లినప్పుడు తాపీ పట్టుకోవాలని ఉబలాటపడకండి. మొదటి వారం, ఏ సంచి ఏ గుంటలోదో చీటీలు రాసే పని అడగండి.

ఆ చోటు 2022 డిసెంబరు నుంచి అమెరికా జాతీయ పార్కుల సంస్థ పరిధిలో ఉంది. వాన పడ్డాక వెళితే దారి పక్కన పెంకు తేలి కనిపించవచ్చు. జేబులో వేసుకోకండి. ఉన్నచోటే ఉంచి, ఫొటో తీసి అక్కడివారికి చూపించండి.